ఏ ముక్క, ఏ గది, ఏ పాత్ర: బ్యాక్టీరియాతో యాంటీబాడీ ముక్కలు చేయబోయేవారికి

"మేడంగారూ, 50 లీటర్ల ఫెర్మెంటర్ ఎంతవుద్దండీ?"

బ్యాక్టీరియాని పెంచే ఆ ట్యాంకు ధర కుర్చీలో కూర్చోకముందే అడిగారాయన. భీమవరంలో పీసీఆర్ లేబ్ నడుపుతారు. రొయ్య సీడ్ టెస్టులు చేసీ చేసీ, తెల్లమచ్చ వైరస్‌ని చెరువు గట్టు మీదే పావుగంటలో పట్టేసే స్ట్రిప్ మనమే ఎందుకు చేయకూడదన్న ఆలోచన వచ్చింది ఆయనకి. స్ట్రిప్‌కి యాంటీబాడీ, అంటే వైరస్‌ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్, కావాలి. కొనే యాంటీబాడీ ధర చూసి గుండె గుభేలుమంది. బ్యాక్టీరియాలో చేసుకుంటే చవకని ఎవరో చెప్పారు.

"ఏడాదికి ఎన్ని స్ట్రిప్పులనుకుంటున్నారు?"

"మొదటి ఏడు పదివేలు చాలండి. ఆయ్."

చేతికి దొరికిన కాగితం మీద లెక్క వేశాను. స్ట్రిప్ మీద టెస్ట్ గీత గీసేటప్పుడు సాధారణంగా మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉన్న ద్రావణాన్ని సెంటీమీటరుకు ఒక మైక్రోలీటరు చొప్పున వేస్తారు. స్ట్రిప్ వెడల్పు 4–5 మిల్లీమీటర్లు. అంటే ఒక్కోదానికి అర మైక్రోగ్రాము. పదివేలకు 5 మి.గ్రా. గీతకి రంగు తెచ్చే బంగారు రేణువులకు పూయడానికి ఇంకో అంత. చేయి తిరిగేదాకా పాడయ్యేది ఇంకో రెండింతలు వేసుకున్నా మొత్తం 20 మి.గ్రా. దీనికి 50 లీటర్ల ఫెర్మెంటర్ కొనడమంటే కాఫీ కాచుకోవడానికి పెళ్లివంట గుండిగ తెచ్చుకోవడమే.

ఫెర్మెంటర్ ధర కనుక్కోవడం దగ్గర మొదలుపెట్టేవాళ్లు ఈయనొక్కరే కాదు. మా దగ్గరికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు, ఎప్పుడో కొన్న ఫెర్మెంటర్‌ని మూల పడేసిన కాలేజీల వాళ్లు కూడా అక్కడే మొదలుపెడతారు. ఆ ఎంపిక నిజానికి చివర్లో రావాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎన్ని మిల్లీగ్రాములు కావాలి. పైన వేసిన లెక్కలాంటిది మీ పనికీ వేయండి. మిల్లీగ్రాములా, గ్రాములా, కిలోలా తేలితే సగం ఎంపికలు వాటంతటవే రాలిపోతాయి.

రెండోది, ఎక్కడ వాడతారు. స్ట్రిప్ మీదకైతే బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇంజెక్షన్‌కైతే అదే ప్రాణం తీస్తుంది. శరీర బరువు కిలోకు గంటకు 5 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదన్నది అక్కడి హద్దు. మనం వాడే బ్యాక్టీరియా ఈ.కోలై. అది పెరిగిన ద్రవం, అంటే కల్చర్, ఒక్క మిల్లీలీటరులో ఉండే ఎండోటాక్సిన్ దాన్ని ఎన్నో రెట్లు దాటిపోతుంది.

మూడోది, మీ ముక్కలో ఎన్ని డైసల్ఫైడ్ ముడులున్నాయి. రెండు సల్ఫర్లు చేతులు కలిపితే ఏర్పడే ఈ ముడులే యాంటీబాడీ ఆకారాన్ని నిలబెడతాయి. ముడి పడకపోతే ప్రోటీన్ తయారవుతుంది, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూపే జెల్ మీద గీత కూడా కనబడుతుంది, కానీ వైరస్‌ని పట్టుకోదు.

నాలుగోదాన్ని పుస్తకాలు పట్టించుకోవు: మీ ఊళ్లో కరెంటు, నీళ్ల చల్లదనం, రాత్రి మేలుకోగల మనిషి. దీని గురించి ఫెర్మెంటర్ దగ్గర వివరంగా చెబుతాను.

## ఏ ముక్క

పూర్తి యాంటీబాడీ 150 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) బరువుండే నాలుగు గొలుసుల కట్ట: రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు. దాని మీద చక్కెర కొమ్మలు కూడా ఉంటాయి. మనం లేబ్‌లో వాడే ఈ.కోలైకి ఆ కొమ్మలు అతికించడం రాదు. అందుకే వైరస్‌ని పట్టుకునే కొస వరకే తీసుకుంటాం. ఇలా బ్యాక్టీరియాలో పనిచేసే ముక్కలు చేయవచ్చని 1988లో నిరూపించారు. ఎంపిక ముఖ్యంగా ఈ మూడింటి మధ్యే. ఒక్కోటి ఏమిటో పట్టిక కింద చెబుతాను.

| | వీహెచ్‌హెచ్ (నానోబాడీ) | ఎస్‌సీఎఫ్‌వీ | ఫ్యాబ్ |
|---|---|---|---|
| బరువు, కిలోడాల్టన్లు | సుమారు 15 | సుమారు 27 | సుమారు 50 |
| గొలుసులు | 1 | 1 (రెండు భాగాలు, మధ్యలో వాటిని కలిపే లింకర్) | 2 |
| డైసల్ఫైడ్ ముడులు | 1, కొన్నిట్లో 2 | 2 | 5 |
| ఫ్లాస్కులో లీటరుకు ఆశించదగ్గది | కొన్ని మి.గ్రా., అదృష్టముంటే పదులు | పదో వంతు మి.గ్రా. నుంచి కొన్ని మి.గ్రా. దాకా | చాలాసార్లు 1 మి.గ్రా. చుట్టుపక్కల |
| ఎండకు, వేడికి | గట్టిది | ముక్కను బట్టి, చాలావాటికి బలహీనం | గట్టిది |
| అసలు తలనొప్పి | జన్యువు ఎక్కడి నుంచి తేవాలి | ఒకదానికొకటి అతుక్కుపోవడం | రెండు గొలుసులూ సమానంగా రావడం |

వీహెచ్‌హెచ్ ఒంటెలు, లామాల సొత్తు. వాటి యాంటీబాడీల్లో తేలిక గొలుసే లేని రకం ఒకటుందని 1993లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకే గొలుసు, ఒకే ముడి కాబట్టి బ్యాక్టీరియాకి దీన్ని చుట్టడం తేలిక. మన వైపు ఒంటె బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేటప్పుడు తప్ప కనబడదు గానీ, దాని కోసం బెంగ అక్కర్లేదు. అమైనో ఆమ్లాల క్రమం తెలిసిన వీహెచ్‌హెచ్ అయితే జన్యువును ఆర్డరిచ్చి కృత్రిమంగా చేయించుకోవచ్చు. కొత్తది కావాలంటే కృత్రిమ లైబ్రరీల (లెక్కలేనన్ని రకాల ముక్కల జన్యువుల పోగుల) నుంచి ఫాజ్ డిస్‌ప్లేతో, అంటే ఆ ముక్కల్ని బ్యాక్టీరియాని పట్టే వైరస్‌ల ఒంటి మీద నిలబెట్టి, ఏరుకోవచ్చు.

దీనికి ఒక లోపముంది, స్ట్రిప్ చేసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఇంత చిన్న ప్రోటీన్‌ని నేరుగా స్ట్రిప్ కాగితం, అంటే నైట్రోసెల్యులోజ్ మీద వేస్తే, అది బోర్లా పడుకుని పట్టుకునే ముఖమే కాగితానికి అతుక్కుపోవచ్చు. ట్యూబులో బ్రహ్మాండంగా పనిచేసినది స్ట్రిప్ మీద మూగబోతుంది. రెండు వీహెచ్‌హెచ్‌లను వరసగా కలిపి ఒకే గొలుసుగా చేయడమో, తోకకు ఇంకో ప్రోటీన్ తగిలించడమో దీనికి మందు. ఈ సంగతి జన్యువు ఆర్డరిచ్చే ముందే ఆలోచించుకోవాలి. తర్వాత ఆలోచిస్తే మళ్లీ డబ్బు, మళ్లీ నెల రోజులు.

ఎస్‌సీఎఫ్‌వీ అంటే బరువు గొలుసు కొస, తేలిక గొలుసు కొస, వాటి మధ్య సాధారణంగా 15 అమైనో ఆమ్లాల లింకర్. ఇప్పటికే ఎలుక హైబ్రిడోమా (ఒకే రకం యాంటీబాడీ చేసే కణాలు) ఉండి దాని జన్యువు చేతిలో ఉన్నవాళ్లకు ఇదే దగ్గరి దారి. కానీ రకరకాలుగా ప్రవర్తిస్తుంది. ఒక ఎస్‌సీఎఫ్‌వీ బంగారంలా వస్తుంది, దాని అక్కచెల్లెలు లాంటి ఇంకోటి ముద్దకట్టిన అన్నంలా వస్తుంది. లింకర్ పొట్టిదైతే రెండు అణువులు జతకట్టేస్తాయి. గదిలో వారం ఉంచితే సగం అడుక్కి దిగిపోయినవి చూశాను. ఏప్రిల్‌లో చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో అట్టపెట్టెలో పడి ఉండాల్సిన స్ట్రిప్‌కి దీన్ని ఎంచుకోవాలంటే ముందు 45 డిగ్రీల దగ్గర నెల రోజులు నిలబెట్టి పరీక్షించాలి.

ఫ్యాబ్ అంటే యాంటీబాడీ చేయి ఒకటి: తేలిక గొలుసు మొత్తం, దానికి జతగా బరువు గొలుసులో పై భాగం. ఇది మందుల కంపెనీల ముక్క. కంటి రెటీనా జబ్బుకి వాడే రానిబిజుమాబ్ ఈ.కోలైలో చేసిన ఫ్యాబే. అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది, మన దేశంలో దాని బయోసిమిలర్ (దాన్ని పోలిన మందు) 2015లో వచ్చింది. 2008లో వచ్చిన సెర్టోలిజుమాబ్ కూడా ఈ.కోలైలో చేసి, పెగ్ (పాలిఇథిలిన్ గ్లైకాల్) అతికించిన ఫ్యాబ్ ముక్కే. వీహెచ్‌హెచ్ వైపు నుంచి మొదట మందుల షాపుకెక్కింది 2018లో యూరప్‌లో అనుమతి పొందిన కాప్లసిజుమాబ్. అదీ ఈ.కోలైదే. కాబట్టి బ్యాక్టీరియాలో ఫ్యాబ్ కుదరదని కాదు. రెండు గొలుసులు సమానంగా రావాలి, రెండూ ఒకేచోటికి చేరాలి, అయిదు ముడులూ సరిగ్గా పడాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతిలో ఇది నెలల తరబడి సతాయిస్తుంది.

నా మాట: చేతిలో ఏమీ లేకుండా మొదలుపెడుతుంటే వీహెచ్‌హెచ్. మంచి హైబ్రిడోమా ఉంటే ఎస్‌సీఎఫ్‌వీగా ఒకసారి ప్రయత్నించి, మొండికేస్తే అదే జన్యువుతో ఫ్యాబ్‌కి మారండి.

## ఏ గది

ఈ.కోలైని మన పాతకాలం ఇల్లు అనుకోండి. లోపలి గది సైటోప్లాజం. రెండు గోడల మధ్య ఉన్న సన్నటి వసారా పెరిప్లాజం. బయట వాకిలి కల్చర్ ద్రవం. ముక్కను ఎక్కడ తయారుగా నిలబెట్టాలన్నది రెండో ఎంపిక.

వసారా. డైసల్ఫైడ్ ముడులు వేసే ఎంజైములు సహజంగా ఉండేది ఇక్కడే. డీఎస్‌బీఏ ముడి వేస్తుంది, తప్పు ముడి పడితే డీఎస్‌బీసీ విప్పి మళ్లీ వేస్తుంది. ప్రోటీన్‌ని వసారాలోకి పంపాలంటే దాని మొదట్లో పెల్‌బీ, ఓంప్‌ఏ లాంటి సిగ్నల్ పెప్టైడ్ (చిరునామా చీటీలాంటి చిన్న ముక్క) తగిలించాలి. గుమ్మం దాటగానే దాన్ని కణమే కత్తిరించేస్తుంది. ఇక్కడికి చేరినదాంట్లో ఎక్కువ భాగం సరిగ్గా చుట్టుకున్నదే ఉంటుంది. బయటికి తీయడానికి కణాన్ని పూర్తిగా పగలగొట్టక్కర్లేదు కాబట్టి మురికి కూడా తక్కువ.

చిక్కల్లా గుమ్మం ఇరుకు కావడం. టీ7 ప్రమోటర్ (జన్యువును గట్టిగా నడిపే స్విచ్) పెట్టి, 37 డిగ్రీల దగ్గర ఆ స్విచ్ నొక్కే ఐపీటీజీ 1 మిల్లీమోలార్ పోస్తే లోపల ప్రోటీన్ తోసుకొస్తుంది, గుమ్మం దగ్గర తిరునాళ్ల రద్దీ అవుతుంది, కణాలు చావడం మొదలుపెడతాయి. పిల్లలు చేసే మొదటి తప్పు ఇదే, ఎందుకంటే కిట్ కాగితంలో అలాగే రాసి ఉంటుంది. 0.1 మిల్లీమోలార్ వేసి 20–25 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలితే తక్కువ తయారై ఎక్కువ దక్కుతుంది.

లోపలి గది. మామూలు ఈ.కోలైలో ఇక్కడ ముడులు పడవు. థయోరెడాక్సిన్, గ్లూటాథయోన్ వ్యవస్థలు పడిన ముడిని పడినట్టే విప్పేస్తాయి. ఆ రెండు దారుల్నీ దెబ్బతీసి, డీఎస్‌బీసీని కూడా లోపలి గదిలోనే కూర్చోబెట్టిన స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) పేరు షఫుల్. వసారాకి వెళ్లడానికి మొరాయించే ఎస్‌సీఎఫ్‌వీలకు ఇది మంచి ఆసరా. 30 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్లాస్కులో సరే గానీ, ఎక్కువ సాంద్రతకు పెంచే ఫెర్మెంటర్‌కి దీన్ని నేను ఎంచుకోను.

లోపలి గదిలోనే ముద్దగా. ముడుల ఊసెత్తకుండా గట్టిగా తయారు చేయించి, ఇన్‌క్లూజన్ బాడీలుగా పోగేసి, తర్వాత 8 మోలార్ యూరియాలోనో 6 మోలార్ గ్వానిడిన్‌లోనో కరిగించి, ఆర్జినిన్, గ్లూటాథయోన్ కలిపిన బఫర్లో నెమ్మదిగా మళ్లీ చుట్టించడం. లీటరుకు వచ్చే సంఖ్య కళ్లు తిప్పుకోనివ్వదు. ఆ సంఖ్య చూసే చాలామంది ఈ దారిలో దిగుతారు. చివరికి పనిచేసే ముక్క ఎంత మిగిలిందో కొలిస్తే వసారా దారితో సమానమో తక్కువో అవుతుంది, పైగా లీటరు ద్రావణాన్ని పదుల లీటర్లుగా పలచన చేయాలి. వీహెచ్‌హెచ్‌కి, కొన్ని ఎస్‌సీఎఫ్‌వీలకు కుదురుతుంది. ఫ్యాబ్‌తో మాత్రం ఈ దారి తొక్కకండి.

వాకిలి. పెరిప్లాజంలో నిండినది కొంత బయటికి కారుతుంది. చిన్న లేబ్ దీని మీద ఆధారపడకూడదు. మొదటిసారి మాత్రం బయటి ద్రవాన్ని పారబోయకుండా జెల్ మీద వేసి చూడండి, ఒక్కోసారి సగం సరుకు అక్కడే ఉంటుంది.

స్ట్రెయిన్, ప్లాస్మిడ్ (మన జన్యువును మోసే డీఎన్ఏ ఉంగరం) మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. వసారా దారికి బీఎల్21(డీఈ3) స్ట్రెయిన్, పీఈటీ-26బీ ప్లాస్మిడ్ చాలు. అందులో పెల్‌బీ ముందే ఉంది, కనామైసిన్ మార్కర్ (ఆ యాంటీబయాటిక్ పోస్తే ప్లాస్మిడ్ ఉన్న కణాలే బతుకుతాయి) ఉంది. ఆంపిసిలిన్ ప్లాస్మిడ్లను రాత్రంతా పెంచితే మందును ఎంజైమ్ తినేస్తుంది, ప్లాస్మిడ్ పారేసిన కణాలు హాయిగా పెరిగిపోతాయి.

## ఏ పాత్ర

ఫ్లాస్కు, షేకర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2 లీటర్ల ఫ్లాస్కులో 300–400 మి.లీ. మించి పోయకండి, గాలి ఆడాలి. ఆటోఇండక్షన్ మీడియం (బ్యాక్టీరియాకి మేత ద్రవం) వాడితే రాత్రి లేచి ఐపీటీజీ వేసే పని కూడా ఉండదు. గ్లూకోజ్ కొంచెం, లాక్టోజ్, గ్లిసరాల్ కలిపి ఉంటాయి. గ్లూకోజ్ అయిపోగానే బ్యాక్టీరియా లాక్టోజ్ వైపు తిరుగుతుంది, దాంతో మన ప్రోటీన్ తయారీ దానంతటదే మొదలవుతుంది. సాయంత్రం పెట్టి ఇంటికెళ్లి పొద్దున్నే రావచ్చు. మామూలు ఎల్‌బీ మీడియంలో ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) 3–6 దగ్గర ఆగిపోయే కల్చర్ ఇందులో 10 దాటుతుంది.

ఫెర్మెంటర్‌లో బ్యాచ్‌గా, అంటే మేత అంతా ముందే వేసి పెంచడం మధ్యరకం. పీహెచ్, గాలి మన చేతిలో ఉంటాయి తప్ప ఫ్లాస్కు మీద బ్రహ్మాండమైన లాభం రాదు. నేర్చుకోవడానికి బాగుంటుంది.

అసలు తేడా ఫెడ్-బ్యాచ్‌తో, అంటే మేత కొద్దికొద్దిగా వేస్తూ పెంచితే వస్తుంది. ఓడీ 100 దాటించవచ్చు. 1992లోనే జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు ఈ.కోలై ఫెర్మెంటేషన్‌లో లీటరుకు 1–2 గ్రాముల ఫ్యాబ్ ముక్క తీసినట్టు ప్రచురించారు. ఫ్లాస్కుతో పోలిస్తే వెయ్యి రెట్లు.

ఇది వినగానే మా నాన్న అడిగిన ప్రశ్న: "ఏమ్మా, మీ డబ్బాకి డీఓ ఎంతుంటది?" డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. ఆయన నలభై ఏళ్లు చేపలు, తర్వాత రొయ్యలు సాకిన మనిషి. ఆయన ప్రశ్నే సరైన ప్రశ్న. రొయ్యల చెరువులో తెల్లవారుజామున డీఓ 4 పీపీఎం కంటే కిందికి జారితే ఏరేటర్లన్నీ వేసి గట్టు మీద కూర్చుంటారు. జారడానికి మాత్రం రాత్రంతా పడుతుంది, చూసుకునే వ్యవధి ఉంటుంది. 30 డిగ్రీల నీళ్లలో నిండుగా కరిగినా ఆక్సిజన్ లీటరుకు 7.5 మి.గ్రా. మించదు, చెరువైనా ఫెర్మెంటరైనా. బాగా చిక్కబడిన ఈ.కోలై కల్చర్ గంటకు లీటరుకు 200 మిల్లీమోల్స్ ఆక్సిజన్ పీలుస్తుంది. లెక్క వేస్తే, గాలి ఆగిన నాలుగైదు సెకన్లలో నీళ్లలో ఉన్నదంతా ఖాళీ.

నాకు ఇది లెక్కగా కాక అనుభవంగా తెలిసింది. అయిదు లీటర్ల ఫెర్మెంటర్, ఓడీ 70, ఇండక్షన్ చేసి (ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించి) రెండు గంటలు. బయట ఈదురుగాలి. కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, దాన్ని స్టార్ట్ చేసే అబ్బాయి టీకి వెళ్లాడు. పన్నెండు నిమిషాలు. తెరమీద డీఓ సున్నా దగ్గర గీసిన గీతలా నిలబడిపోయింది. కరెంటు వచ్చాక కదిలించేది తిరిగింది, నురుగు ఒక్కసారిగా పైకి లేచి ఎగ్జాస్ట్ ఫిల్టర్‌ని తడిపేసింది, గది నిండా పుల్లటి కుళ్లు వాసన. ఆ బ్యాచ్‌లో దక్కింది మామూలులో అయిదో వంతు కూడా లేదు. మర్నాడు నాన్నకి చెబితే, "జనరేటర్ పక్కన మనిషి పడుకోకుండా మేం ఏనాడైనా చెరువేశామా?" అన్నారు.

మేత వేసే పద్ధతి కూడా ఆయనకి చిటికెలో అర్థమైంది. చెరువులో చెక్ ట్రే ఎత్తి మిగిలిన మేత చూసి తర్వాతి పూటకి తగ్గిస్తారు, పెంచుతారు. ఫెడ్-బ్యాచ్‌లో చెక్ ట్రే డీఓ మీటరే. మొదట వేసిన గ్లూకోజ్ అయిపోగానే బ్యాక్టీరియా ఊపిరి తగ్గించేస్తుంది, డీఓ అంకె ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది. అప్పుడు 50 శాతం గ్లూకోజ్ ద్రావణాన్ని మెగ్నీషియంతో కలిపి సన్నటి ధారగా వదలాలి. ఎక్కువ వదిలితే అరిగించుకోలేక ఎసిటేట్ అనే పుల్లటి వ్యర్థం కక్కుతుంది. చెరువు అడుగున మేత మిగిలి అమోనియా లేచినట్టే. గ్లిసరాల్ వాడితే ఎసిటేట్ బెడద కొంచెం తక్కువ, నేను దాన్నే వాడతాను. పీహెచ్ సరిచేయడానికి కాస్టిక్ సోడా బదులు అమోనియా నీళ్లు వాడితే నత్రజని కూడా అందుతుంది.

ఇక చల్లదనం. పైన చెప్పిన వేగంతో ఊపిరి పీల్చే కల్చర్ లీటరుకు సుమారు 25 వాట్ల వేడి పుట్టిస్తుంది. అయిదు లీటర్లంటే ఒక పెద్ద పాతకాలం బల్బు లోపల వెలుగుతున్నట్టు. మే నెలలో మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు చేయి పెడితే చురుక్కుమంటాయి. ఆ నీళ్లు ఫెర్మెంటర్ చుట్టూ ఉండే జాకెట్‌లో తిప్పి 25 డిగ్రీలు నిలబెట్టడం జరగని పని. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) లేకుండా ఫెర్మెంటర్ కొనకండి. అమ్మేవాళ్లు దాన్ని "ఆప్షనల్" అని కొటేషన్ చివర రాస్తారు.

ఇంకో ప్రశ్న ప్రతిసారీ వస్తుంది: తణుకు చక్కెరకి పేరున్న ఊరు కదా, గ్లూకోజ్ ఎందుకు, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) పోస్తే చవక కదా? బీఎల్21కి సుక్రోజ్ తినడం రాదు. లేబ్‌ల్లో వాడే కె-12, బి రకాలు చాలావరకు అంతే. డబ్ల్యూ రకం తింటుంది గానీ మన ప్లాస్మిడ్లు దానికి తగ్గట్టు లేవు. మొలాసిస్‌ని ముందే విరగ్గొట్టి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మార్చి పోయవచ్చు. దానితోపాటు రంగు, బూడిద, ఏడాదికో తీరు నాణ్యత కూడా పోసినట్టే. 20 మి.గ్రా. యాంటీబాడీకి గ్లూకోజ్ ఖర్చు కాఫీ ఖర్చంత కూడా ఉండదు. పొదుపు చూపించాల్సిన చోటు ఇది కాదు.

| | ఫ్లాస్కు, ఆటోఇండక్షన్ | ఫెర్మెంటర్, బ్యాచ్ | ఫెర్మెంటర్, ఫెడ్-బ్యాచ్ |
|---|---|---|---|
| చేరే ఓడీ | 10 దాటి | 10–30 | 100 దాటి |
| ఏ పనికి | మిల్లీగ్రాములు | పదుల మిల్లీగ్రాములు, శిక్షణ | గ్రాములు |
| కరెంటు పోతే | కాసేపు ఓర్చుకుంటుంది | కొన్ని నిమిషాలు | సెకన్లు |
| చిల్లర్ | అక్కర్లేదు (చల్లబరిచే షేకర్ చాలు) | వేసవిలో కావాలి | తప్పనిసరి |
| రాత్రి మనిషి | అక్కర్లేదు | ఉంటే మంచిది | తప్పనిసరి |

## కడగడం

ఎంపికలు చేసేటప్పుడు అందరూ మరిచిపోయేది ఇదే. చేసిన దానికంటే శుద్ధి చేయడానికే ఎక్కువ రోజులు పడతాయి.

వసారాలోంచి తీయడానికి ఆస్మాటిక్ షాక్ చాలు. కణాలను 20 శాతం చక్కెర, ట్రిస్, లోహాలను పట్టేసే ఈడీటీఏ ఉన్న బఫర్లో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఐసు చల్లటి 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌లో ఒక్కసారిగా కలపాలి. బయటి గోడ వదులై వసారాలో ఉన్నది బయటికి వస్తుంది. తర్వాత ప్రోటీన్‌కి శుద్ధి కోసం తగిలించిన హిస్టిడిన్ తోక ఉంటే, దాన్ని పట్టుకునే నికెల్ కాలమ్.

ఇక్కడొక గొయ్యి ఉంది, నేను పడ్డాను. షాక్ బఫర్లో ఈడీటీఏ ఉంటుంది. దాన్ని తీసేయకుండా నేరుగా కాలమ్‌లో పోశాను. లేత నీలి రంగు కాలమ్ పై నుంచి కిందికి చూస్తుండగానే తెల్లబడింది. నికెల్‌ని ఈడీటీఏ పట్టుకుపోయింది, దాంతోపాటు నా నానోబాడీ కూడా. కాలమ్, నేను ఇద్దరం తెల్లబోయాం. డయాలిసిస్ చేసి ఈడీటీఏని తీసేశాకే పోయండి.

ఫ్యాబ్‌కి, కొన్ని ఎస్‌సీఎఫ్‌వీలకు ప్రోటీన్-ఎల్ కాలమ్ ఉంది గానీ, అది కప్పా తేలిక గొలుసుల్లో కొన్ని రకాలనే పడుతుంది. వీహెచ్‌హెచ్‌లో తేలిక గొలుసే లేదు కాబట్టి దానికి పనికిరాదు, కొన్ని వీహెచ్‌హెచ్‌లకు ప్రోటీన్-ఏ పనిచేస్తుంది. ఫ్యాబ్‌కి ఒక వెసులుబాటు: వేడికి తట్టుకుంటుంది కాబట్టి బ్యాక్టీరియా ప్రోటీన్లను 60 డిగ్రీల దగ్గర ముద్దకట్టించి వడకట్టేయవచ్చు.

## ఎవరికి ఏది

ఎమ్మెస్సీ ప్రాజెక్టు, చేతిలో నాలుగు నెలలు: వీహెచ్‌హెచ్, వసారా, ఫ్లాస్కు. మొదటి నెలంతా జన్యువు రావడానికే పోతుంది. అది వచ్చేలోగా ఏదైనా మామూలు ప్రోటీన్‌తో షాక్, కాలమ్ చేయి తిప్పుకోండి. ఫ్యాబ్ అని గైడ్ పట్టుబడితే మర్యాదగా ఒకసారి వాదించండి.

ఫెర్మెంటర్ ఉన్న కాలేజీ: దాన్ని మూల పడేయకండి. తెలిసిన వీహెచ్‌హెచ్ క్లోన్‌తో ముందు బ్యాచ్, తర్వాత ఫెడ్-బ్యాచ్. పిల్లలకి డీఓ ఎగరడం కళ్లారా చూపించండి, ఉద్యోగ ఇంటర్వ్యూలో అది పది పేజీల నోట్సుకన్నా పనికొస్తుంది. రీకాంబినెంట్ (జన్యువులు మార్చే) పని కాబట్టి 1989 నియమాల ప్రకారం మీ సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, వాడిన కల్చర్‌ని ఆటోక్లేవ్ చేయకుండా కాలువలో వదలకూడదు.

రొయ్యల మేతలో యాంటీబాడీ ముక్కలు కలుపుదామనుకునేవాళ్లు: మీరు అడిగేది పూర్తిగా వేరే వ్యాపారం. రొయ్యకి సొంత యాంటీబాడీలు ఉండవు కాబట్టి ఆలోచనలో తప్పు లేదు. కానీ కిలో మేతకి 100 మి.గ్రా. అనుకుంటే టన్నుకి 100 గ్రాములు. లీటరుకు గ్రాము తీయగలిగినా టన్ను మేతకి 100 లీటర్ల ఫెడ్-బ్యాచ్ కావాలి. కాలమ్ శుద్ధి ఆ ధరకి కుదరదు, చంపిన కణాలనే మేతకి పట్టించాలి. అప్పుడు అనుమతుల దారి కూడా మారిపోతుంది. ఒక చెరువు రైతు ఎంత ఎక్కువ పెట్టగలడో ముందు కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

ఇంజెక్షన్ మందు చేద్దామనుకునేవాళ్లకి ఈ వ్యాసం పనికిరాదు.

స్ట్రిప్ చేసేవాళ్లకి ఇంకో ఎంపిక కూడా ఉంది: చేసుకోకపోవడం. 20 మి.గ్రా. మాత్రమే కావాలంటే, పనిచేస్తుందని తేలిన మోనోక్లోనల్ (ఒకే రకం) యాంటీబాడీ కొనడం మొదటి ఏడాది చవకగా పడవచ్చు. సొంత క్లోన్ ఉంటే రెండో ఏడాది నుంచి లాభం, పైగా ఎవరి దయ మీదా బతకక్కర్లేదు. ఇంకో మాట, స్ట్రిప్ ఎంత మంచిదైనా పీసీఆర్ అంత తక్కువ వైరస్‌ని పట్టలేదు. సీడ్ వేసే ముందు పరీక్షకి పీసీఆరే. చెరువులో రొయ్యలు గట్టు పట్టినప్పుడు, అది తెల్లమచ్చా కాదా అని అక్కడికక్కడ తేల్చుకోవడానికి స్ట్రిప్.

భీమవరం ఆయనకి ఇదంతా చెప్పాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మొదటి ఆరు నెలలకి కొనే యాంటీబాడీతో స్ట్రిప్ నిలబడుతుందో లేదో చూస్తానన్నారు, ఈలోగా జన్యువు ఆర్డరిస్తానన్నారు. జంట వీహెచ్‌హెచ్, పీఈటీ-26బీలో. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "షేకర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుద్దా అండీ?" అని అడిగారు. దొరుకుతుంది. చల్లబరిచేది చూసి తీసుకోమన్నాను, కంప్రెసర్ ఆన్ చేసి గంటసేపు నిలబడి 20 డిగ్రీలకు దిగుతుందో లేదో చూశాకే డబ్బులివ్వమన్నాను.